సుద్దముక్కతో గీసిన బల్ల

మా కొత్త ఇంట్లో అన్నం తినే గదికి మొట్టమొదట వచ్చిన టేబుల్‌ను నేనే గీశాను. బడి నుంచి తెచ్చిన తెల్ల సుద్దముక్కతో, నేల మీద. ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. కోరుట్లలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెప్తాను కాబట్టి నా సంచిలో సుద్దముక్కలకు ఎప్పుడూ కొదవ లేదు.

మొదటి రోజు ఆ గీతల్ని ఎవరూ పట్టించుకోలేదు. రెండో రోజు మా అత్తమ్మ వంటింట్లోకి పోతూ గీత దాకా వచ్చి ఆగి, చుట్టూ తిరిగి పోయింది. ఇక ఆ తర్వాత అందరం తిరిగే నడిచాం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి గీతల మధ్య కూర్చుని రికార్డులు రాసుకునేది. అత్తమ్మ చిక్కుడుకాయలు తెచ్చి అందులోనే పోసుకుని ఒలిచేది. ఇల్లు తుడిచినప్పుడు చెరిగిపోతే మళ్లీ గీసేదాన్ని. మా ఆయన మాత్రం దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. చుట్టూ తిరిగి పోయేవాడు, అంతే.

ఆయన పదహారేళ్లు గల్ఫ్‌లో ఒక చెక్కపని కార్ఖానాలో చేశాడు. మా అమ్మాయికి మూడేళ్లున్నప్పుడు హెల్పర్‌గా పోయి, అక్కడే పని నేర్చుకుని మేస్త్రీ అయ్యాడు. రెండేళ్లకోసారి వచ్చి నెలన్నర ఉండి పోయేవాడు. కిందటేడు దసరా తర్వాత మాత్రం ఇక పోనన్నాడు. ఇన్నేళ్లు అద్దెకున్న రెండు గదులు వదిలి, ఊరి చివర కట్టుకున్న ఈ ఇంట్లోకి వచ్చాం. ఆయన ఒక పాత ట్రాలీ ఆటో కొనుక్కుని జగిత్యాల, సిరిసిల్ల, మెట్‌పల్లి సామాన్ల కిరాయికి తిప్పుకుంటున్నాడు. చెక్కపని ఊసు ఎత్తితే మాట మార్చేసేవాడు. పెట్టెలో తెచ్చుకున్న పనిముట్లను గుడ్డలో చుట్టి సజ్జ మీదికి ఎక్కించాడు. ఎవరైనా అడిగితే అమ్మేస్తానన్నాడు.

నాకు కావలసిన బల్ల ఎట్లా ఉండాలో నాకు బాగా తెలుసు. ఏడాదిగా ఫోన్లో చూస్తున్నాను. ఎక్కడో పరాయి దేశపు పల్లెల్లో రైతుల ఇళ్లల్లో ఉండే బల్ల. మందపాటి చెక్కలు, వాటి మీద కణుపులు, మేకుల రంధ్రాలు, ఏనుగు కాళ్లలాంటి కాళ్లు. ఒక పక్క కుర్చీలు, ఇంకో పక్క పొడుగు బెంచీ. నేల మీద కూర్చుని తినడం తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. చిన్నప్పుడు జగిత్యాలలో మా ఇంట్లో నేల మీదే తిన్నాం. మా నాన్న మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. ఆయన రాగానే మొదట ఆయన తినేవాడు, తర్వాత పిల్లలం, అన్నీ సర్దాక గిన్నెలో మిగిలింది అమ్మ. అత్తగారింట్లోనూ అంతే. ఆఖరి పంక్తి ఎప్పుడూ నాదే. చల్లారిన కూర తినీ తినీ, వేడి వేడి కూరను అందరితో పాటు తినాలన్న ఆశ ఒకటి నాలో పెరిగి పెద్దదయింది. ఎవరి పళ్లెం వాళ్ల ముందుండి, గిన్నెలు మధ్యలో ఉంటే, వడ్డించడానికి ఒకరు నిలబడాల్సిన పని ఉండదు కదా అనుకునేదాన్ని.

టేబుల్ కొనుక్కుందామంటే ఆయన అడ్డు చెప్పలేదు. నీకు ఏది నచ్చితే అది తీసుకో అన్నాడు. ఒక ఆదివారం ట్రాలీలో ఆయన పక్కన కూర్చుని జగిత్యాల పోయాను. చీర కొనడానికి పోయినప్పుడు కూడా నాకంత హుషారు ఎప్పుడూ లేదు. పర్సులో కొలతల కాగితం, ఫోన్లో నలభై ఫొటోలు.

మొదటి దుకాణంలో అన్నీ అద్దం బల్లలే. ఒకదాని ముందు కూర్చోబెట్టారు. కిందికి చూస్తే నా కాళ్లూ, చెప్పులూ కనిపించాయి. అన్నం తింటూ నా చెప్పులు నేనే చూసుకోవాలా అనిపించి లేచాను. రెండో దుకాణంలో పాలరాయిలా కనిపించే బల్ల. సేల్స్‌మన్ దాని మీద గరిటెతో కొట్టి, గీతలు పడవని చూపించాడు. నేను పైన చూస్తుంటే మా ఆయన మాత్రం చేయి అడుగుకి పోనిచ్చి తడుముతున్నాడు. మూల దగ్గర బొటనవేలితో నొక్కి, వేలికంటిన రంపపు పొట్టును వాసన చూసి, చేయి దులుపుకున్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. ఇల్లు కట్టేటప్పుడు తలుపులు కొన్నప్పుడు కూడా ఆయన అంత శ్రద్ధ పెట్టలేదు. చెక్కను ముట్టనన్న మనిషే, కానీ చేయి మాత్రం దాన్ని వెతుక్కుంటూ పోతూనే ఉంది.

మూడో దుకాణంలో నేను కలలుగన్న బల్ల నిజంగానే ఉంది. గుమ్మంలోంచే చూసి, లోపలికి దాదాపు పరుగెత్తాను. ఫామ్‌హౌస్ మోడల్ అన్నాడు దుకాణమాయన. మందంగా, గోధుమరంగులో, మీద గుంతలతో, పాతకాలపు వస్తువులా ఉంది. నేను రెండు చేతులూ దాని మీద పెట్టేశాను. ఇదే, ఇదే కావాలి అని చెప్పడానికి వెనక్కి తిరిగితే, మా ఆయన నవ్వుతున్నాడు. గల్ఫ్ నుంచి వచ్చాక ఆయన అట్లా పళ్లు కనిపించేలా నవ్వడం నేను చూడలేదు. ఎందుకు నవ్వుతున్నావని అడిగాను.

"గీ గుంత చూడు," అన్నాడు నా చేయి పట్టుకుని ఒక చోట పెడుతూ. "గిట్ల మూరెడు జరుపు. మళ్ల గదే గుంత. ఇంకింత జరుపు, మళ్ల గదే. మిషిన్ల అచ్చు గుద్దిండ్రు. మేమన్న చేతులతోని కొట్టేటోళ్లం."

జరిపి చూశాను. నిజమే. చిటికెనవేలి గోరంత గుంత, దాని పక్కన రెండు చుక్కలు, మళ్లీ మళ్లీ అదే. ఇక ఆ బల్ల వైపు చూడబుద్ధి కాలేదు.

బస్టాండు దగ్గర హోటల్లో చాయ్ తాగుతూ ఆయన చెప్పాడు. పదహారేళ్లలో పని ఎట్లా ఉందని అడిగితే మంచిగనే ఉన్నదని తప్ప ఇంకో మాట చెప్పని మనిషి, ఆ రోజు చాయ్ చల్లారేదాకా చెప్పాడు. వాళ్ల కార్ఖానాలో చేసింది ఇట్లాంటి బల్లలేనట. కొత్త చెక్క తెచ్చి, చిత్రిక పట్టి నున్నగా చేసి, తర్వాత దాన్ని పాతది చేసేవాళ్లట. ఇనుప గొలుసులతో కొట్టేవాళ్లు. గుడ్డ సంచిలో నట్లు, బోల్టులు వేసి దాంతో బాదేవాళ్లు. పురుగు తిన్నట్టు కనిపించాలని సన్నటి మొలతో రంధ్రాలు పొడిచేవాళ్లు. సిరకాలో, అంటే వెనిగర్‌లో, ఇనుప పీచు నానబెట్టి ఆ నీళ్లు పూస్తే తెల్లారేసరికి చెక్క బూడిదరంగుకు తిరిగేదట. ఒకసారి ఒక పెద్దావిడ వచ్చి, బల్ల మీద చేయి వేసి నిమిరి, అచ్చం మా అమ్మమ్మ ఇంట్లో ఉన్నట్టే ఉందని కళ్లు తుడుచుకుందట. ముందు రోజు మధ్యాహ్నమంతా ఆ బల్లను గొలుసుతో కొట్టింది ఈయనే.

"ఆమె మొఖం చూడలేకపోయిన," అన్నాడు. "అన్నం మాత్రం మేం పేపరు పరుసుకొని కింద కూసోని తినేటోళ్లం. గా బల్లల మీద చెయ్యి పెట్టి తిన్నోడు మా అందర్ల ఒక్కడు లేడు."

నేను అడగాలనుకున్నది అప్పుడే అడిగేశాను. గొలుసు దెబ్బల్లేని బల్ల ఒకటి మనకు నువ్వే చెయ్యి అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, ఇక నాతోని కాదన్నాడు. నేను మళ్లీ అడగలేదు. కానీ ఇంటికి వచ్చాక గీతలు చెరపలేదు. ఇంకొంచెం గట్టిగా దిద్దాను.

రెండు వారాల తర్వాత సిరిసిల్ల నుంచి ఒక కిరాయి వచ్చింది. నేత పని చేసిన ఒక ముసలి జంట తమ పాత మగ్గాల షెడ్డు విప్పేస్తున్నారు. ఆ చెక్కంతా ఇటుక బట్టీకి చేర్చాలి. రెండో శనివారం, నాకు బడి లేదు. నేనూ వస్తానన్నాను. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. వేములవాడ మీదుగా పోతుంటే పొద్దుటి గాలికి నా కొంగు ఆయన మొహం మీద పడుతూ ఉంది.

సిరిసిల్లలో ఆ వాడకు పోయేసరికి రెండు పక్కలా సాంచెల చప్పుడు. కరెంటు మగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఆ చప్పుడులో మాట వినిపించాలంటే దగ్గరికి పోయి నిలబడాలి. ముసలాయన మమ్మల్ని ఇంటి వెనక్కి తీసుకుపోయాడు. గూనపెంకలు దింపేసిన షెడ్డు గోడలు మాత్రమే మిగిలి ఉన్నాయి. ఆ షెడ్డులో ఆయన తండ్రి చేతిమగ్గం నేశాడట. ముసలాయన కూడా కొన్నేళ్లు చేతిమగ్గం నేసి, తర్వాత రెండు సాంచెలు పెట్టి, ఒంట్లో ఓపిక తగ్గాక వాటిని అమ్మేశాడు. ఇప్పుడు వాళ్ల కూతురు ఆ జాగాలో స్లాబు వేసి కుట్టుమిషన్లు పెడుతోందట. ఆ మాట చెప్తుంటే ముసలాయన మొహంలో దిగులేమీ లేదు, ఎన్ని మిషన్లు పడతాయో అడుగులు వేసి మాకు చూపించాడు కూడా.

పెరట్లో దూలాలు, వాసాలు, అటక చెక్కలు ఒక కుప్పగా పడి ఉన్నాయి. మసి, బూజు, పక్షి రెట్టలు. మా ఆయన లుంగీ ఎగ్గట్టి మోయడం మొదలుపెట్టాడు. నాలుగు వాసాలు ట్రాలీలో వేశాడు. అయిదోసారి ఒక అటక చెక్కను ఎత్తి, రెండడుగులు నడిచి ఆగిపోయాడు. మళ్లీ కింద పెట్టాడు. భుజం మీది తువ్వాలతో తుడిచాడు. బొటనవేలు నాలుకతో తడిపి చెక్క మీద రుద్దాడు. తడి తగిలిన చోట మసి కింది నుంచి తేనెరంగు మెరిసింది. జేబులోంచి ట్రాలీ తాళంచెవి తీసి అంచున చిన్నగా గీకి, వంగి వాసన చూశాడు.

"గిది బట్టిల పెట్టే చెక్కనా, తాతా?" అన్నాడు.

ఆ చెక్కలు తన తండ్రి కాలంలో ఆదిలాబాదు వైపు నుంచి బండ్ల మీద తెచ్చిన టేకువని, అటక మీద నూలు కట్టలు పెట్టుకునేవాళ్లమని ముసలాయన చెప్పాడు. పాత చెక్క ఎవరికి కావాలి, చెదలు పట్టకముందే పొయ్యిలోకి పోతే మేలనుకున్నామన్నాడు. మా ఆయన ఇక ఆయన మాట వినడం లేదు. ట్రాలీలో వేసినవన్నీ దింపేశాడు. కుప్పను విప్పి చెక్కలన్నీ ఎండలో వరసగా పరిచాడు. పరుస్తూ పరుస్తూ తల ఎత్తకుండానే నన్ను అడిగాడు.

"నేల మీద ఎంత గీసినవు?"

"ఏడు, మూడు," అన్నాను.

"ఎనిమిది చేద్దాం."

చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, నేనూ చెక్కల మధ్యకు దిగాను.

అట్లా రెండు మూడు గంటలు ఏరాం. ఒక్కో చెక్కను తుడవడం, తిప్పడం, పక్కన పెట్టడం. నేను రంగు చూసి ముచ్చటపడితే ఆయన చివర్లో పగులు చూపించేవాడు. ఆయన గట్టిదని తీసినది నాకు మరీ నల్లగా అనిపించేది. అది నల్లమద్ది, కాళ్లకు పనికొస్తుంది అనేవాడు. ఒక చెక్క మీద నీలం మరకలున్నాయి, ఇంకోదాని మీద మెట్టతామర ఎరుపు. రంగు నూలు తడిగా పెట్టినప్పుడు కారి ఇంకిన మరకలట. మేకులు తుప్పుపట్టిన చోట నల్లటి చుట్లు. ఏ చుట్టూ ఇంకో చుట్టులా లేదు. నేను ఒకదాన్నుంచి ఇంకోదానికి ఉరుకుతూ ఇది చూడు, ఇది చూడు అంటుంటే, ముసలాయన గోడకానుకుని నవ్వుతూ చూశాడు. పెళ్లికి చీరలు ఏరినట్టు ఏరుతున్నవు బిడ్డా అన్నాడు.

అన్నింటికన్నా మంచి చెక్క కుప్పలో లేదు. అది వంటింటి గడప పక్కన నేల మీద ఉంది, దాని మీద ముసలమ్మ కూర్చుని ఉంది. రెండు జానలకు పైగా వెడల్పు, ఒక్క కణుపు లేదు. కూర్చుని కూర్చుని నడిమిభాగం అద్దంలా నునుపుదేలింది. మా ఆయన దాన్ని చూశాడు. నేనూ చూశాను. మేం చూడడం ముసలమ్మా చూసింది. అడగకముందే, ఇది మాత్రం ఇయ్య అంది. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆ చెక్క మీద కూర్చునే రాట్నం తిప్పి కండెలు చుట్టిందట. ఆమె చేతులు ఆ మాట చెప్తూనే గాలిలో ఒక చుట్టు తిరిగాయి.

మా ఆయన పోయి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. బతిమాలుతాడేమో అనుకున్నాను. అట్లా చేయలేదు. చెక్క అంచును వేలితో నిమిరి, అడుగున మట్టి తగిలిన చోట గోటితో గీకాడు.

"నువ్వే ఉంచుకో అవ్వా," అన్నాడు. "గని గిట్ల నేల మీద ఉంటె చెద పడ్తది. కాళ్లు పెట్టి మంచిగ పీట చేసిస్త. మోకాళ్లకు గూడ సుఖముంటది."

చేసిస్త అన్నాడు. నేను మొహం పక్కకు తిప్పుకుని, ఉన్న చెక్కల్నే మళ్లీ లెక్కపెట్టినట్టు నటించాను. ఆ మాట తన నోటి నుంచి వచ్చిందని ఆయనకు తెలిసిందో లేదో. అడిగితే ఎక్కడ వెనక్కి తీసుకుంటాడో అని నేను పెదవి విప్పలేదు.

ముసలమ్మ గోడ పట్టుకుని లేచింది. "నాకు సగం చాలు కొడుకా. నేనొక్కదాన్ని ఎంత కూసుంట? మిగిలింది నీ బల్లకు పెట్టుకో."

ధర ఒక్క మాటలో కుదిరింది. బట్టీవాళ్లకు మా ఆయనే ఫోన్ చేసి పనికిరాని ముక్కలు మాత్రం తెస్తానన్నాడు. చెక్కలు ట్రాలీలో పట్టక వెనకకు చాచుకుని ఉంటే, వాటి చివర ముసలమ్మ ఇచ్చిన ఎర్ర గుడ్డ ముక్క కట్టాడు. దారి పొడవునా వెనక చెక్కలు ఒకదానికొకటి తగిలి టకటకలాడుతుంటే, ముందు ఆయన ఆగకుండా మాట్లాడాడు. కాళ్లు మూలల్లో పెట్టాలా, లోపలికి జరపాలా. బెంచీకి ఆనుడు ఉండాలా వద్దా. వేములవాడ దాటాక ట్రాలీ పక్కన ఆపి, నా సంచిలోని సుద్దముక్క తీసుకుని డాష్‌బోర్డు మీద గీసి చూపించాడు. బడి లేని రోజు కూడా ఆ సంచిని ఇంట్లోంచి అట్లాగే పట్టుకొచ్చాను.

మరుసటి రోజే సజ్జ మీది పనిముట్లు దిగాయి. ఇంటి పక్క రేకుల కింద నీడలో పని మొదలైంది. తుప్పు తుడిచి నూనె పూసి, మొదటి చెక్క మీద చిత్రిక తోసేసరికి సన్నటి పొర ఉంగరంలా చుట్టుకుని లేచింది. టేకు వాసన ఇంట్లోకి వచ్చింది. మా అమ్మాయి పుస్తకం వదిలేసి బయటికి వచ్చింది. అత్తమ్మ కుర్చీ తెచ్చుకుని వేసుకుంది. కొడుకు చేతులనే చూస్తూ ఉంది. వాళ్ల ఇళ్లల్లో తరతరాలుగా అందరూ కూలికే పోయారు, చెక్కపని ఎవరికీ రాదు. పదహారేళ్లు ఆ పని మీదే ఈ ఇల్లు గడిచినా, ఆయన పని చేస్తుంటే మాలో ఎవరమూ కళ్లతో చూడలేదని నాకు అప్పుడే తట్టింది. ఆయన ఒక కన్ను మూసి చెక్క అంచు వెంబడి చూస్తాడు. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని మరిచిపోయి వెతుక్కుంటాడు. గట్టిగా తోసేటప్పుడు నాలుక చివర బయటికి పెడతాడు. ఇవన్నీ నాకు కొత్త. నేను బడి నుంచి రోజూ తొందరగా వచ్చేయడం మొదలుపెట్టాను.

గొడవ కూడా ఒకటి జరిగింది. మేకుల రంధ్రాలు, గాట్లు అన్నీ పూడ్చి అద్దంలా చేస్తానన్నాడు. నేను ససేమిరా అన్నాను. అవి లేకపోతే ఇక అది ఏం బల్ల, దుకాణంలోనే కొనుక్కునేవాళ్లం కదా అన్నాను. ఆయన చిత్రిక పక్కన పెట్టాడు.

"పదహారేండ్లు లేని గుంతలు కొట్టిన," అన్నాడు. "గీ ఒక్క బల్లనన్న నున్నగ చెయ్యనియ్యవా?"

ఫోన్లో నలభై ఫొటోలు చూసి నేర్చుకున్న ఇష్టం నాది. ఆయనది పదహారేళ్ల విసుగు. నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి అన్నాను, మనసులో ఉక్రోషంగానే ఉన్నా. అత్తమ్మ తన మాట తాను చెప్పింది, సందుల్లో మెతుకులు ఇరుక్కుంటే చీమలు పడతాయని. రెండు రోజులు నేను రేకుల కిందికి పోలేదు.

మూడో రోజు బడి నుంచి వచ్చేసరికి ఆయన నా కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేయి పట్టుకుని తీసుకుపోయాడు. మెతుకులు ఇరుక్కునే రంధ్రాలన్నీ చెక్కపొట్టు, జిగురు కలిపి పూడ్చేశాడు. సందులు మూసుకుపోయాయి. గరుకు కాగితంతో రుద్దిన చెక్క అరచేయి కింద మెత్తగా జారింది. కానీ నీలం మరకలు, ఎరుపు మరకలు, మేకుల నల్లటి చుట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎంత చిత్రిక పట్టినా పోలేదట, ఇంకా పడితే చెక్క పలచబడిపోతుందట.

"అవి లోపల్దాక పోయినయి. ఉండనియ్యాల్నా?" అని అడిగాడు, నవ్వు ఆపుకుంటూ.

ఉండనివ్వమన్నాను. ఇద్దరం గెలిచినట్టే అనిపించింది.

పీట ముందే తయారైంది. సిరిసిల్ల కిరాయి తగిలిన రోజున తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. ముసలమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, కూర్చుని లేచి, మళ్లీ కూర్చుందట. ఆ రోజు ఆయన్ని తినకుండా పంపలేదట.

బల్లను ఇంట్లోకి తేవడం కష్టం కాలేదు. కాళ్లు వేరు, పైచెక్క వేరుగా విడదీసి బోల్టులతో బిగించేలా చేశాడు. నేల మీది నా గీతల కంటే అది అడుగు ఎక్కువే పొడుగు తేలింది. ఇంట్లో అందరం నాలుగు పక్కలా పట్టి పైచెక్క ఎత్తినప్పుడు మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక దాదాపు వదిలేసింది. బోల్టులు బిగించి ఆయన పక్కకు జరిగేసరికి, గదికి ఇన్నాళ్లూ ఏదో తక్కువైందని, అది ఇప్పుడు వచ్చి కూర్చుందని అనిపించింది. నేను ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా అరచేయి ఆనించి నడిచాను. మళ్లీ వెనక్కి నడిచాను. మా అమ్మాయి నన్ను వీడియో తీసి నా తమ్ముడికి పంపింది.

ఆ ఆదివారం మా అమ్మానాన్నలను జగిత్యాల నుంచి పిలిచాను. బగార అన్నం, కోడికూర, పచ్చిపులుసు చేశాను. గిన్నెలు మధ్యలో పెట్టి, ఆరు పళ్లేలు చుట్టూ సర్ది, అందరూ కూర్చోండి అన్నాను. మా అమ్మ అలవాటుగా గరిటె అందుకుంది. లాక్కుని బెంచీ మీద కూర్చోబెట్టాను. అత్తమ్మ రానంది. వియ్యంకుడి ఎదురుగా కూర్చుని తినడం ఏంది, నేను తర్వాత తింట అని వంటింట్లో నిలబడిపోయింది. పోయి చేయి పట్టుకున్నాను.

"తర్వాత అనే మాటనే లేదు అత్తమ్మా. గందుకే గీ బల్ల," అన్నాను.

వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని, బెంచీ చివర మా నాన్నకు పక్కగా తిరిగి కూర్చుంది. గోడకు చెప్తున్నట్టుగా, కూరల ఉప్పు సరిపోయిందా అని అడిగింది. బాగుందని మా నాన్న కూడా గోడకే చెప్పాడు. మా అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అత్తమ్మ పళ్లెంలో కూర అయిపోయింది. ఆమె అడగలేదు. మా నాన్న తన ముందున్న కూర గిన్నెను, బస్తాలు మోసి కాయలు కాచిన చేత్తో, ఆమె దాకా జరిపాడు. ఆమె వేసుకుంది. కొంగు కొంచెం జారింది, మళ్లీ సర్దుకోలేదు.

నాకు ఎదురుగా మా ఆయన. పెళ్లై ఇన్నేళ్లయినా ఎదురెదురుగా కూర్చుని తిన్నది లేదు. ఆయన తలెత్తి నన్ను చూస్తే సిగ్గనిపించి పళ్లెంలోకి చూసుకున్నాను. కూర పొగలు కక్కుతూ ఉంది. నాలుక కాలింది, ఎంత సంబరంగా ఉందో చెప్పలేను.

తిన్నాక కూడా ఎవరూ లేవలేదు. చేతులు ఎండిపోయినా అట్లాగే మాట్లాడుకుంటూ కూర్చున్నాం. ఇంత బరువు ఎట్లా ఆగుతోందని మా నాన్న బల్లను కదిపి చూసి, అల్లుణ్ని అడిగాడు. మాటల్లో చెప్తే అర్థం కాదని మా ఆయన బల్ల కిందికి దూరాడు. వెనకాలే మా నాన్న కూడా ధోవతి సర్దుకుని, మోకాళ్ల మీద వంగి దూరాడు. ఆ వయసులో ఎందుకని మా అమ్మ కోప్పడింది. కింద బోల్టు మీద వేలితో తట్టిన చప్పుడు, గిది చూడు మామా అన్న మాట వినిపించాయి. నేను మరికాస్త పచ్చిపులుసు పోసుకున్నాను.